లాక్ నట్ మీద ఎర్ర గీత

తమ్ముడి సంచి ప్రయాణానికి అయిదు రోజుల ముందే సర్దాను. ఎవరు ఊరికి బయల్దేరినా నాకదే అలవాటు. ఆఖరి నిమిషంలో సర్దితే ఏదో ఒకటి మరిచిపోతాం, దానికోసం వెనక్కి రావాల్సి వస్తుంది, అలా రావడం మంచిది కాదంటారు. నన్నడిగితే వెనక్కి రావడంకంటే మంచిది ఈ లోకంలో ఏదీ లేదు.

రెండు చొక్కాలు, ఒక ప్యాంటు, తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను, బీపీ మాత్రలు, రెండో కళ్ళజోడు. మేజోళ్ళు మూడు జతలు తీసి, అయిదే లోపల పెట్టాను. ఆరోది నా బీరువాలో చీరల కింద దాచాను. అదొక పిచ్చి నాకు. ఒంటి మేజోడు ఇంట్లో ఉంటే దాని జత కోసమైనా మనిషి వస్తాడని. మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు ఈ సంగతి నాకు తోచలేదు. మా పెద్దన్నయ్య రైలెక్కిన రోజూ తోచలేదు. ఇద్దరూ రాలేదు.

సంచిని వంటింటి కాటా మీద పెట్టాను. విమానంలో ప్రతి వస్తువుకీ తూకం ఉండాలి.

"ఎంతక్కా?" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచి.

"ఏడు కిలోల రెండొందలు."

"ఆ రెండొందలూ తీసెయ్."

"బీపీ మాత్రలు తియ్యనా?"

"నీ ప్రేమ తీసెయ్. అదే ఎక్కువ బరువు."

వెనకనుంచి మా ఆయన అందుకున్నాడు. "సంచి బరువు సరేలే, ముందు మీ తమ్ముడి పొగరు కాటా మీద పెట్టు. విమానం లేస్తుందో లేదో తేలిపోతుంది."

"పెట్టొచ్చు బావా. రెండో పళ్ళెంలో నీ నోరు పెడితే ముల్లు మధ్యకి వస్తుంది."

బావా బావమరుదుల సంత ఇది. తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో రోజూ ఉండేదే. మా ఆయన నలభై ఏళ్ళు వర్క్‌షాపులో ఫిట్టరు. తమ్ముడు చేల మీద మందు చల్లే విమానాలు నడిపి రిటైరయ్యాడు. మరదలు పోయాక మా మేడమీద గదిలోకి వచ్చాడు. వచ్చిన నెలలోపే ఇద్దరూ కలిసి, మూతబడ్డ కర్రల డిపో వెనక రేకుల షెడ్డు అద్దెకి తీసుకుని, రెండు సీట్ల విమానం కట్టడం మొదలుపెట్టారు. షెడ్డు తలుపు తీస్తే ఎదురుగా చిన్న రన్‌వే. అరవై దాటినవాళ్ళకి ఇదేం ఆట అని ఊరంతా నవ్వింది. నేను నవ్వలేదు. తమ్ముడు మేడమీద ఉన్నాడు, రెండు పూటలా నా చేతి అన్నం తింటున్నాడు. విమానం ఎంత ఆలస్యమైతే నాకంత మంచిది.

కానీ అది పూర్తయింది. మంగళవారంనాడు, సొంతంగా విమానాలు కట్టుకున్నవాళ్ళంతా కలిసే చోటికి తమ్ముడు దాన్ని నడిపి తీసుకెళ్ళాలి. రెండు రోజులుండి తిరిగి రావాలి. శనివారం పది గంటలకి ఇన్స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. మిగిలింది ఒకటే పని, ప్రొపెల్లర్ గవర్నర్ బిగించడం.

గవర్నరంటే అరచేతిలో పట్టే అల్యూమినియం ముద్ద. ఇంజిన్‌కి తగిలించి ఉంటుంది. ఇంజిన్ నూనెని ప్రొపెల్లర్ గుబ్బలోకి తోస్తూ, దాని రెక్కల వాలు మారుస్తూ, అది ఎంత వేగంతో తిరగాలో అంతకి మించకుండా చూస్తుంది. మా ఇంజిన్‌కి ఆ హద్దు నిమిషానికి రెండువేల ఏడువందల చుట్లు. వీళ్ళ భాషలో ఆర్‌పీఎం. అది దాటితే ఇంజిన్‌కీ ముప్పే, రెక్కలకీ ముప్పే. గవర్నర్ ఎక్కడ ఆపాలో చెప్పేది దాని చేతికి, అంటే పక్కనుండే మీటకి, అడ్డంగా ఉన్న ఒక చిన్న మరమేకు. మేకు కదలకుండా దాని మీద ఒక లాక్ నట్. నా కథంతా ఆ మేకూ ఆ నట్టూనే.

గురువారం మధ్యాహ్నం బిగించారు. పుస్తకం చదవడం నా పని. నేను బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే బల్లకి ఇవతల కూర్చుని, అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నాను. ఇప్పటికీ కాగితం ఎటు తిప్పి పట్టుకున్నా నాకొకటే.

"గాస్కెట్‌కి మధ్యలో జాలీ ఉంటుంది. జాలీ ఉబ్బెత్తు వైపు గవర్నర్ వైపుకి ఉండాలి," అని చదివాను.

"తెలుసులేవే," అన్నాడు మా ఆయన.

"తెలిస్తే తిప్పి పట్టుకున్నారేం?"

తమ్ముడు పగలబడి నవ్వాడు. "గవర్నర్‌గారు వేంచేస్తుంటే గుమ్మం తలకిందులుగా వేస్తావా బావా?"

నాలుగు నట్లనీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించారు. గవర్నర్ చేతికి కేబుల్ తగిలించారు. తమ్ముడు కాక్‌పిట్‌లో కూర్చుని, ప్రొపెల్లర్ వేగం మార్చే నీలం పిడిని ముందుకి తోశాడు. పిడి ప్యానెల్‌కి తగిలేలోపే గవర్నర్ చెయ్యి మేకుకి తగలాలి, మధ్యలో కాస్త ఖాళీ మిగలాలి. రెండుసార్లు కేబుల్ మార్చి కట్టాక సరిపోయింది. ఆఖర్న నన్ను పిలిచారు, గీత గీయడానికి.

ఈ గీత సంగతి చెప్పాలి. మా ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరింటికెళ్ళినా వాళ్ళ కుళాయి బిగించి వస్తాడు. మూడేళ్ళ కిందట పెట్రోలు గొట్టం నట్టుని 'ఊరికే చూద్దామని' వదులు చేసి, మళ్ళీ బిగించడం మరిచిపోయాడు. ఆ రోజు తమ్ముడు ఒంటికాలిమీద లేచాడు. అప్పటినుంచీ ఒక కట్టుబాటు. ఏ నట్టు బిగించినా దాని మీదుగా, పక్కనున్న లోహం మీదికి, ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. నా చెయ్యి సన్నం, ఇంజిన్ సందుల్లో దూరుతుంది కాబట్టి ఆ పని నాది. గీత తెగి కనిపిస్తే, ఎవరు చేసినా, ఎందుకు చేసినా, ముందు తమ్ముణ్ణి పిలవాలి. అది నేను వాడికి వేసిన ఒట్టు.

గవర్నర్ మేకుని మాత్రం వీళ్ళు ముట్టుకోలేదు. గవర్నర్‌లు బాగుచేసే షాపులో మేస్త్రీ దాన్ని యంత్రం మీద పెట్టి, రెండువేల ఏడువందలకి సరిచేసి, కార్డు రాసి పంపాడు. నేను చిన్న అద్దం లోపల పెట్టి చూసుకుంటూ దాని లాక్ నట్ మీద గీత గీశాను.

శుక్రవారం పొద్దున తోకని గుంజకి కట్టి ఇంజిన్ నడిపారు. చుట్లు కొలిచే మీటరు ముల్లు రెండువేల ఆరొందల దగ్గర ఆగిపోయింది.

"వంద తక్కువ," అన్నాడు మా ఆయన. "మేకు తిప్పాలి."

"అక్కర్లేదు బావా. అక్కా, ఆ పేజీ చదువు."

చదివాను. నేల మీద నిలబెట్టి ఇంజిన్ నడిపినప్పుడు ప్రొపెల్లర్ రెక్కలు తమ సొంత అడ్డుకి తగిలి ఆగుతాయి. అప్పటికింకా గవర్నర్‌కి పనే ఉండదు. అందుకే చుట్లు కాస్త తగ్గుతాయి. గాల్లోకి లేచాక పెరుగుతాయి, అప్పుడు గవర్నర్ పట్టుకుంటుంది. మేకుని నేల మీద లెక్క చూసి తిప్పకూడదు. ఎగిరి, లెక్క రాసుకుని, దిగి తిప్పాలి. మేకు ఒక్క చుట్టుకి సుమారు పాతిక ఆర్‌పీఎం.

"పుస్తకం రాసినవాడు నా ఇంజిన్ చూశాడా?" అన్నాడు మా ఆయన. తను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

అన్నాల దగ్గర మళ్ళీ అదే గొడవ. రేపు ఇన్స్పెక్టర్ ముందు వంద తక్కువ కనిపిస్తే పరువు పోతుందంటాడు ఈయన. ఇన్స్పెక్టర్‌కి పుస్తకం తెలుసంటాడు వాడు. మాటకి మాట. చివరికి తమ్ముడు అనకూడని మాట అన్నాడు. "నువ్వు ఫిట్టరువి బావా, పైలట్‌వి కాదు. నీ తెలివి నేల వరకే."

"ఆ నేల మీదే తొమ్మిదేళ్ళనుంచి కూర్చుని తింటున్నావు," అన్నాడు మా ఆయన.

తమ్ముడు పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు. కింద కూర్చుని నేను చెవులు రిక్కించాను. పైన సొరుగులు తీస్తున్న చప్పుడు. బట్టలు సర్దుకుంటున్నాడనుకున్నాను. తరవాత తెలిసింది, వాడు దగ్గుమందు కోసం వెతికాడు. కానీ ఆ చప్పుడు నా చెవిలోంచి పోలేదు.

శనివారం ఏడు గంటలకి టీ ఫ్లాస్కు పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. మా ఆయన ఒక్కడే ఉన్నాడు. ఇంజిన్ వేడిగా ఉంది. మూత తీసి ఉంది. స్పానర్ చేతిలో ఉంది.

"ఏం చేశారు?"

"అరవకు. చూద్దామని తిప్పాను. ఎంత తిప్పినా ముల్లు కదల్లేదు. మళ్ళీ వెనక్కి తిప్పేశాను."

"కదలదని నిన్ననే చదివాను కదా! ఎన్ని చుట్లు తిప్పారు?"

"విడతకి కాస్త చొప్పున, ఎనిమిదో తొమ్మిదో."

"వెనక్కెన్ని?"

"అన్నే."

"లెక్కపెట్టారా?"

"నలభై ఏళ్ళ ఫిట్టర్ని. నా వేళ్ళకి లెక్క తెలుసు. గీత కాస్త చెదిరింది, మళ్ళీ వెయ్యి. వాడు వచ్చేస్తాడు."

అద్దం పెట్టి చూశాను. చెదరడం కాదు. సగం గీత నట్టు మీద ఒక పక్క, సగం కింద ఇంకో పక్క. నట్టు బయట మేకు మీద చుట్లు తిరిగిన మరలు పది కనిపిస్తున్నాయి. ఇంతకుముందు ఎన్ని ఉన్నాయో నాకు తెలియదు, లెక్కపెట్టలేదు.

తమ్ముణ్ణి పిలవాలి. అంతే చెయ్యాల్సింది. కానీ పిలిస్తే ఏమవుతుందో నా కళ్ళకి కట్టింది. నిన్నటి మాట పచ్చిగా ఉంది, దాని మీద ఇదొకటి పడితే పుండు మీద కారమే. ఈసారి సొరుగులు దగ్గుమందు కోసం తెరుచుకోవు. వాడు వెళ్ళిపోతాడు.

పాత రంగు గుడ్డతో తుడిచాను. గోళ్ళరంగు సీసా తీసి కొత్త గీత గీశాను. చక్కగా, తిన్నగా వచ్చింది. ఆ చేతిని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

పది గంటలకి ఇన్స్పెక్టర్ వచ్చాడు. టార్చి వేసి అన్నీ చూశాడు. "ఎవరండీ ఇంత బాగా గీతలు గీసింది?" అన్నాడు.

"మా అక్క," అన్నాడు తమ్ముడు. "నేను ఇంజిన్ని నమ్మను. బావని అసలే నమ్మను. ఆ గీతని నమ్ముతాను."

మా ఆయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని నాకు ఒళ్ళు మండిపోయింది.

పదకొండింటికి తమ్ముడు ఒక్కడే ఎగిరాడు. విమానం నేల వదిలి పైకి లేచిన కాసేపటికి దాని గొంతు మారింది. ఇంజిన్ సంగతి నాకు తెలియకపోవచ్చు, గొంతు సంగతి తెలుసు. బిడ్డ ఏడుపు కీచుమని పైకి లేచినట్టు లేచింది. తరవాత ఉన్నట్టుండి తగ్గింది. ఒక్క చుట్టు కొట్టి దిగిపోయాడు. మొత్తం ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ మా ఆయన జేబులో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. నేను ఆకాశం వైపు కాదు, ఆయన మొహం వైపే చూశాను.

తమ్ముడు దిగాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. "రెండువేల ఎనిమిదివందల యాభై," అన్నాడు. "పిడి వెనక్కి లాగాను కాబట్టి దిగింది. ఇంకో నిమిషం చూసుకోకుండా ఉంటే ఏమయ్యేదో."

మూత తీసి అద్దం పెట్టి చూశాడు. "గీత బాగానే ఉంది. మరి ఎందుకిలా?"

చెప్పండి, చెప్పండి అని నా కళ్ళతో మా ఆయన్ని పొడిచాను. ఆయన తల గోక్కున్నాడు.

"షాపువాడు సరిగ్గా పెట్టలేదేమో," అన్నాడు.

ఇంటికొచ్చి వంటింట్లో నిలదీశాను. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఎందుకే రచ్చ? వాడు లేనప్పుడు వెళ్ళి నాలుగు చుట్లు తిప్పేస్తాను. ఎవరికీ తెలియదు."

"మళ్ళీ దాని మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యి విరిచేస్తాను. వాడు చచ్చేవాడండీ!"

"చావలేదుగా," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు నా చేతిలో గరిటె ఉంది. విసరలేదు. విసిరి ఉండాల్సింది.

ఆదివారమంతా తమ్ముడు పిచ్చివాడిలా పని చేశాడు. మేకు తిప్పేస్తే లెక్క దిగుతుంది, కానీ ఎందుకు పెరిగిందో తేలందే దాన్ని ముట్టనన్నాడు. గాస్కెట్ తనే తిప్పి పెట్టాడేమోనని అనుమానం. నాలుగు నట్లూ విప్పి గవర్నర్ దించాడు. జాలీ సరిగ్గానే ఉంది. మళ్ళీ బిగించాడు. ఇంకొకరి దగ్గర చుట్లు కొలిచే మీటరు అరువు తెచ్చి చూశాడు. మన మీటరూ సరైనదే. మోచేతులదాకా నూనె, కళ్ళకింద నలుపు. "నేనే ఎక్కడో తప్పు చేశానక్కా. చేతులు ముసలివైపోయాయి," అన్నాడు. మా ఆయన స్పానర్లు అందిస్తున్నాడు! మంచినీళ్ళు అందిస్తున్నాడు! నేను మింగలేక, కక్కలేక, నట్ల మీద కొత్త గీతలు గీశాను.

సోమవారం షాపు తెరిచాక తమ్ముడు ఫోను చేశాడు. మా హాల్లో బల్ల దగ్గర, ఫోను స్పీకరు మీద పెట్టి. మా ఆయన కిటికీ దగ్గర పేపరు తిరగేస్తున్నాడు.

"మనుషుల ప్రాణాలతో ఆడుకుంటారా? కళ్ళు మూసుకుని పెట్టారా మేకు?" అని మొదలుపెట్టాడు తమ్ముడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడిందంటారే, అలా ఆ మేస్త్రీ మీద పడ్డాడు.

అవతలి మనిషికీ వయసు మీదపడ్డట్టే ఉంది. గొంతు వణికింది కానీ తగ్గలేదు. "అయ్యా, ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని. కార్డు చూడండి. లాక్ నట్ బయటికి ఎన్ని మరలు వదిలానో రాశాను. మీ మేకు మరలు లెక్కపెట్టండి. తేడా ఉంటే ఎవరో తిప్పినట్టు."

"ఎవరూ తిప్పలేదు."

"లెక్కపెట్టండి సార్. రెండు నిమిషాల పని."

"నేను లెక్కపెట్టను," అన్నాడు తమ్ముడు. "ఆ నట్టు మీద మా అక్క గీసిన గీత ఉంది. అది తెగలేదు. మీరు పెట్టింది పెట్టినట్టే ఉంది. తప్పు మీదే."

కార్డు బల్ల మీద వాడి వైపుకి తిరిగి ఉంది. నాకు తలకిందులుగా కనిపిస్తోంది. నాలుగు మరలు, అని రాసి ఉంది. నాలుగు. నేను చూసింది పది. పదిలోంచి నాలుగు పోతే ఆరు. ఒక మర అంటే ఒక చుట్టు. ఆరు పాతికలు నూటయాభై. బడికి పోనిదాన్ని, ఆ లెక్క మాత్రం వెంటనే తేలింది.

"మీమీద రాసి పంపిస్తాను. మీ షాపు మూయిస్తాను," అంటున్నాడు తమ్ముడు. "రేపు ఇంకోసారి ఎగిరి లెక్క రాసి మరీ పంపిస్తాను."

"ఫోను పెట్టెయ్," అన్నాను.

"ఉండక్కా."

"పెట్టెయ్‌రా! ఆయన తప్పేం లేదు. మీ బావ తిప్పాడు. శనివారం పొద్దున. గీత తెగింది. తుడిచేసి నేనే మళ్ళీ గీశాను."

ఫోనులో మేస్త్రీ "హలో, హలో" అంటున్నాడు. మా ఆయన చేతిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

తమ్ముడు అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. ఫోను దగ్గరికి వంగి, "క్షమించండి. తప్పు మా ఇంట్లోనే ఉంది," అని పెట్టేశాడు. అద్దం తీసుకుని షెడ్డుకి వెళ్ళాడు. వెనకే నేను వెళ్ళాను. మరలు లెక్కపెట్టాడు. ఆరు చుట్లు లోపలికి తిప్పాడు, ఒక్కో చుట్టూ పైకి లెక్కపెడుతూ. లాక్ నట్ బిగించాడు. గోళ్ళరంగు సీసా కోసం నేను చెయ్యి చాచాను. నాకివ్వలేదు. తనే గీశాడు. ఆ లావు చెయ్యి సందులో దూరక, గీత వంకరగా వచ్చింది.

"అరవరా నామీద. ఏదో ఒకటి అను," అన్నాను.

"ఏమనను? బావ తిప్పుతాడని నాకు తెలుసు. అందుకే కదా గీత నీ చేతికిచ్చాను."

"నువ్వు వెళ్ళిపోతావని భయపడి చేశాను."

"నేనెక్కడికి పోతానక్కా?" అన్నాడు. నిజంగా అర్థంకానట్టే అడిగాడు. "అమ్మ తరవాత నాకున్న ఇల్లు ఇదొక్కటే. బావ నానా మాటలన్నా నేను పోను. నిన్ను నమ్మి ఎక్కాను. ఆ నమ్మకం లేకుండా నీ చేతి అన్నం ఎలా తినను?"

అప్పుడు నాకూ కోపం ముంచుకొచ్చింది. "ఒక్క గీతకి ఇంత శిక్షా? తొమ్మిదేళ్ళు వండి పెట్టాను. నీ బట్టలు ఉతికాను. జ్వరం వస్తే పక్కన కూర్చున్నాను. అదేం లెక్కలోకి రాదా?" అని అరిచాను. రేకుల షెడ్డు నా అరుపుని నాకే తిప్పికొట్టింది. వాడు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి, గురువారం నేను సర్దిన సంచే తీసుకున్నాడు. ఇంకేం తీసుకోలేదు. గుమ్మం దగ్గర మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "ఏంట్రా ఇది? చిన్నపిల్లాడిలాగ. కాస్త నోరు జారాను, చెయ్యి జారింది. అయితే ఏంటి? మనిద్దరం కట్టిన బండి రా అది," అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం నేను మొదటిసారి విన్నాను.

"బండి నీదే బావా. ఇప్పుడు సరిగ్గా ఉంది. ముట్టుకోకు," అన్నాడు తమ్ముడు.

నాకు దణ్ణం పెట్టాడు. వీధి మలుపు దాకా నడిచాడు. మలుపులో సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. నా భయమంతా ఆకాశం మీదే ఉండేది. ఎగిరినవాడు ఆరు నిమిషాల్లో దిగి వచ్చాడు. నడిచినవాడు వెళ్ళిపోయాడు.

మా ఆయన ఆ గవర్నర్ని మళ్ళీ ముట్టుకోలేదు. విమానాన్ని ఎవరికీ అమ్మనివ్వలేదు, ఎవరినీ ఎక్కనివ్వలేదు. నాలుగేళ్ళు రోజూ షెడ్డుకి వెళ్ళి దుమ్ము తుడిచి వచ్చేవాడు. నేను ఆయనతో మాట్లాడాల్సినంతే మాట్లాడాను. ఆయన పోయిన రోజు తమ్ముడికి ఫోను చేశాను. చాలాసేపు ఏడ్చాడు. నేను వస్తావా అని అడగలేదు, వాడు వస్తానని అనలేదు.

ఒంటి మేజోడు బీరువాలో చీరల కిందే ఉంది. నల్లది, మడమ దగ్గర నేను కుట్టినది.

మా తమ్ముడు ఇల్లు విడిచింది మార్చి ఎనిమిది, సోమవారం, మధ్యాహ్నం రెండున్నరకి. మళ్ళీ రాలేదు.